లక్కలా కరగని జిగురు

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాతవాళ్లు జంషెడ్‌పూర్ అనరు, ‘టాటా’ అంటారు. ‘మా పెదనాన్న టాటాలో చేసేవాడు’ అంటే చాలు. కంపెనీ పేరూ అదే, ఊరి పేరూ అదే, రైలు దిగే స్టేషను పేరులో సగమూ అదే. ఇనుము కోసం పుట్టిన ఊరది. 1908లో సాక్చి అనే పల్లె దగ్గర కర్మాగారం పనులు మొదలయ్యాయి. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. 1919లో వైస్రాయ్ ఛెమ్స్‌ఫర్డ్ వచ్చి, ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టి వెళ్లాడు. పని వెతుక్కుంటూ వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నారు. సాక్చి పేరు పోలేదు. ఊళ్లో అందరూ వెళ్లే బజారుకు అది మిగిలిపోయింది.

ఊరి మధ్య కొలిమిలో లోహం టన్నుల్లో కరుగుతుంటే, సాక్చి బజారులో, బిష్టుపూర్‌లో, జుగ్‌సలాయిలో అది ఆవగింజంత కూడా కాని చుక్కల్లో కరుగుతుంది. సెల్‌ఫోన్ బాగుచేసే దుకాణాల మాట ఇది. పగిలిన అద్దం మార్చడం, ఛార్జింగ్ సాకెట్ వేయడం కుర్రాళ్లు నేర్చుకునేటప్పుడే చేసే పనులు. ఉస్తాదు స్వయంగా కుర్చీ లాక్కుని కూర్చునేది ఒక్క పనికి. దాన్ని ‘పేస్టింగ్ ఐసీ’ తీయడం అంటారు. బోర్డుకు జిగురు పోసి అంటించేసిన చిప్పును, చిప్పు పగలకుండా, బోర్డు చెడకుండా ఊడదీయాలి. పాతికేళ్ల క్రితం ఇలాంటి పని ఒకటి ఉందని ఏ రేడియో మెకానిక్‌కూ తెలియదు. కానీ దాని తాతముత్తాతలు మన వీధుల్లోనే తిరిగారు.

చిల్లు పడిన బిందెకు మాటు, ఇత్తడి గిన్నెకు కళాయి, నగకు టంకం. అతికే విద్యకు తెలుగు ఇళ్లలో ఉన్న పేర్లివి. కళాయివాడు గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క రాసి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా మెరిసేది. నవసాగరం లోహం మీది మకిలిని తినేస్తుంది, అప్పుడే తగరం పట్టుకుంటుంది. ఫోన్ మెకానిక్ సిరంజీలోంచి పిండే ఫ్లక్స్ చేసేదీ అచ్చంగా ఆ పనే. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. దానికి తగిన పాళ్లలో సీసం కలిపితే 183కే దిగివస్తుంది. ఎలక్ట్రానిక్స్ లోకమంతా దశాబ్దాల పాటు ఈ రెండింటి మిశ్రమం మీదే నిలబడింది.

తగరానికి జంషెడ్‌పూర్ కొత్త కాదు. గోల్మురిలో 1920లో టిన్‌ప్లేట్ కంపెనీ పెట్టారు. బర్మా ఆయిల్ కంపెనీకి కిరసనాయిలు డబ్బాలు కావాలి, టాటాల దగ్గర ఉక్కు ఉంది, ఇద్దరూ కలిశారు. తగరం పూత పూసిన ఆ రేకుల డబ్బాలు కిరసనాయిలు అయిపోయాక మన ఊళ్లలో నీళ్లు మోశాయి, బియ్యం కొలిచాయి. వందేళ్లు దాటి నడిచిన ఆ కంపెనీ 2024లో టాటా స్టీల్‌లో కలిసిపోయింది.

కంసాలి దగ్గర ఇంకో విద్య ఉంది. ఫోన్ బల్లకు అదే మరీ దగ్గరి చుట్టం. చెక్కాల్సిన చిన్న నగ చేతిలో నిలవదు. అందుకని లక్కను వేడిచేసి, మెత్తబడిన ముద్దలో నగను కూర్చేవాడు. చల్లారాక అది రాయిలా పట్టుకునేది. పని అయ్యాక మళ్లీ కాస్త సెగ చూపిస్తే నగ ఊడి చేతికొచ్చేది. బోలు నగల్లో నింపేదీ, ఏటికొప్పాక బొమ్మలకు రంగుగా ఎక్కేదీ ఈ లక్కే. దేశంలో పండే లక్కలో సగానికి పైగా జార్ఖండ్ అడవులదే. కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే బంక అది. దాని మీద పరిశోధనకే 1924లో రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో ఒక సంస్థ వెలిసింది. జిగురు అన్నది పట్టుకోవాలి, అడిగితే వదలాలి. కంసాలికి అంతకు మించి ఇంకో రకం జిగురు అక్కర్లేకపోయింది.

వదలని జిగురు స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది, అదీ పళ్ల కోసం. 1930ల్లో పియెర్ కాస్టాన్ అనే రసాయన శాస్త్రవేత్త కట్టుడు పళ్లకు పనికొచ్చే పదార్థం వెతుకుతూ ఎపాక్సీ రెజిన్ తయారుచేశాడు. దంతవైద్యానికి అది పెద్దగా అక్కరకు రాలేదు. ఆ హక్కులు తీసుకున్న సీబా కంపెనీ 1946లో దాన్ని ‘ఎరాల్డైట్’ పేరుతో జిగురుగా జనానికి చూపించింది. రెండు ట్యూబులు, అగ్గిపుల్లతో కలపడం, రాత్రంతా ఆరబెట్టడం మన ఇళ్లలో చాలామందికి గుర్తే. లక్క కరిగి గట్టిపడుతుంది. ఎపాక్సీ మాత్రం రెండు పదార్థాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని వలలా అల్లుకుపోతే గట్టిపడుతుంది. పిండి రొట్టెగా మారినట్టే, మళ్లీ పిండి కాదు. ఎంత వేడి చేసినా అది ద్రవంగా మారదు. కొంత వేడికి రబ్బరులా మెత్తబడుతుంది, ఇంకా పెంచితే మాడుతుంది. పేస్టింగ్ ఐసీ తీసేవాడి బతుకంతా ఈ రెండింటి మధ్య సందులోనే.

ఆ జిగురు చిప్పు కిందికి ఎలా చేరిందో తెలియాలంటే రేడియో రోజుల నుంచి రావాలి. వాల్వు రేడియోలో వాల్వులు పిన్నుల మీద కూర్చునేవి, చెడితే పన్ను పీకినట్టు పీకి కొత్తది గుచ్చేవారు. ట్రాన్సిస్టర్ వచ్చాక కాళ్లు బోర్డు రంధ్రాల్లోంచి దిగి వెనక టంకంలో మునిగాయి. ఐసీలు వచ్చాక కాళ్లు పద్నాలుగు, పదహారు అయ్యాయి గానీ కంటికి కనిపించేవి, సక్కర్‌తో కరిగిన సీసం లాగేస్తే ఊడేవి. ఆ తర్వాత భాగాలు బోర్డు పైనే అతుక్కోవడం మొదలెట్టాయి. చివరికి కాళ్లే మాయమయ్యాయి. వాటి స్థానంలో చిప్పు పొట్ట కింద వరసలు వరసలుగా చిన్న టంకపు గుండ్లు వచ్చాయి. దీన్నే బీజీఏ అంటారు. మెకానిక్ తన పని తాను చూడలేని రోజు అప్పుడొచ్చింది. అతుకు ఉన్న చోట చూపు పోదు, టంకం పెట్టే కడ్డీ మొన దూరదు.

చిప్పును బోర్లించి గుండ్ల మీద కూర్చోబెట్టే ఊహ ఐబీఎంది, 1960ల నాటిది. అప్పట్లో కింద ఉండేది పింగాణీ పలక. వేడికి సాగడంలో పింగాణీకీ సిలికాన్‌కూ తేడా తక్కువ కాబట్టి పెద్ద గొడవ లేదు. చవకైన గాజు నార బోర్డు మీదికి మారేసరికి చిక్కొచ్చింది. వేడెక్కినప్పుడు సిలికాన్ సాగేదానికి ఆ బోర్డు ఎన్నో రెట్లు సాగుతుంది. చల్లారితే అంతకంత ముడుచుకుంటుంది. పైన, కింద చెరో పక్కకు లాగుతుంటే మధ్యలో ఉన్న గుండ్లు రోజూ కాస్త కాస్త అలిసిపోయి ఒకరోజు చిట్లుతాయి. 1980ల చివర్లో జపాన్‌లో హిటాచీ పరిశోధకులు గుండ్ల మధ్య ఖాళీని రెజిన్‌తో నింపితే అతుకు ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుందని చూపించారు. 1990ల ఆరంభంలో జపాన్‌లోనే యసులోని ఐబీఎం కర్మాగారంలో యుతాకా త్సుకాడా బృందం ఆ కిటుకును మామూలు బోర్డుల మీద ఆచరణలోకి తెచ్చింది. చిప్పు అంచున ఒక గీత గీసినట్టు జిగురు పోస్తే చాలు, దీపం వత్తి నూనె పీల్చినట్టు చిప్పు కింది సందు దాన్ని తనే పీల్చుకుంటుంది. ఆపై పొయ్యిలో కాసేపు పెడితే గట్టిపడుతుంది. దాని పేరు అండర్‌ఫిల్. దుకాణాల్లో పేస్ట్ అనో గ్లూ అనో అంటారు.

కంప్యూటర్‌కు వేడి శత్రువు. ఫోన్‌కు అంతకంటే పెద్ద శత్రువు నేల. చొక్కా జేబులోంచి జారే వస్తువు, కూర్చుంటే వంగే వస్తువు. 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో దేశంలో మొదటి సెల్‌ఫోన్ మాట మాట్లాడినప్పుడు ఆ చేతిలోది ఖరీదైన వింత. 2003కల్లా ఇన్‌కమింగ్ ఉచితమైంది, టార్చిలైటున్న నోకియా 1100 వచ్చింది. ఆ ఒక్క మోడలే ప్రపంచంలో 25 కోట్లు అమ్ముడుపోయింది. రిక్షావాడి దగ్గర, కాంట్రాక్టు కూలీ దగ్గర ఫోన్ చేరాక అది పడటమూ పెరిగింది, బాగు చేయించుకోవడమూ పెరిగింది. ఒకప్పుడు రేడియోలు, టేప్ రికార్డర్లు విప్పిన బల్లల మీదికే ఫోన్లు వచ్చి చేరాయి. నోకియా 3310 తెరిచినవాళ్లకు సీకాంట్, కోబ్బా, మ్యాడ్ అనే చిప్పుల పేర్లు ఇంట్లో మనుషుల పేర్లలా నోటికొచ్చేవి.

ఆ తరం మెకానిక్‌కు వేడిగాలి యంత్రం కొత్త కొలిమి. కంసాలి ఊదుగొట్టంతో మంటను ఊది ఒకే బిందువు మీద నిలిపేవాడు. ఈ యంత్రం మంట లేకుండా గాలినే కాల్చి సన్నని మూతిలోంచి వదులుతుంది. జిగురు లేని చిప్పయితే పని దాదాపు అందంగా ఉంటుంది. ఫ్లక్స్ పూసి, గాలిని గుండ్రంగా తిప్పుతూ ఉంటే కింద గుండ్లు కరుగుతాయి. చిమటాతో మెల్లగా పక్కకు నెడితే చిప్పు నీళ్ల మీద ఆకులా జరిగి, కరిగిన తగరం లాక్కోవడంతో మళ్లీ తన చోటికే వచ్చి నిలబడుతుంది. ఆ చిన్న ఊపు చూశాక ఎత్తేస్తారు.

జిగురున్న చిప్పు ఊగదు. గుండ్లు కరిగాయో లేదో చెప్పే ఆ ఒక్క సైగా పోయింది. కరగకముందే ఎత్తితే బోర్డు మీది రాగి చుక్కలు జిగురుతో పాటు లేచి వస్తాయి. వాటిని ‘పాయింట్లు’ అంటారు. పాయింట్లు లేచిపోయాయంటే ఫోన్ సగం చచ్చినట్టే. ఆలస్యం చేస్తే ఇంకో ఆపద. కరిగిన తగరం వ్యాకోచిస్తుంది, చుట్టూ జిగురు గోడ ఉండటంతో ఎటూ పోలేక పక్క సందుల్లోంచి చిమ్ముతుంది. ఆ చిమ్మిన బొట్టు పక్క చిప్పు కిందికి చేరి షార్టింగ్ పెడుతుంది. అంటే ఒక రోగం నయం చేయబోయి పక్క మంచం మీదివాణ్ణి పడుకోబెట్టడం.

అందుకే అనుభవమున్నవాళ్లు రెండు అంచెల్లో పని చేస్తారు. ముందు తక్కువ వేడి. టంకం కరగదు, జిగురు మాత్రం గట్టి జున్నులా మారుతుంది. వంపు తిరిగిన సన్నని బ్లేడుతో చిప్పు చుట్టూ అంచున ఉన్న జిగురును కొద్దికొద్దిగా గీకుతారు. ఆ జిగురులోనే ఆవగింజలో సగం కూడా లేని కెపాసిటర్లు మునిగి ఉంటాయి, చెయ్యి తొందరపడితే అవీ ఊడొస్తాయి. పక్క చిప్పుల మీద వేడికి ఆగే పసుపు టేపు పరుస్తారు. అంచు శుభ్రమయ్యాక ఫ్లక్స్ పోసి వేడి పెంచుతారు. చిప్పు చెప్పని సంగతిని పొరుగున ఉన్న చిన్న కెపాసిటర్ చెబుతుంది. దాన్ని సూదితో తాకితే కదిలిందంటే కింద కూడా కరిగే ఉంటుందని ఊహ. చిప్పు అంచున వెండి పూసల్లాంటివి తొంగిచూడటం ఇంకో గుర్తు. అప్పుడు పాయింట్లు తక్కువగా ఉన్న మూల చూసి బ్లేడు దూర్చి, తలుపు తెరిచినట్టు ఒక పక్క నుంచి లేపుతారు. ఇదంతా నిమిషం, నిమిషన్నరలో అయిపోవాలి. ఎపాక్సీ కాలిన ఘాటు పొగ కళ్లలో పడుతున్నా కన్ను ఆర్పడానికి లేదు.

చిప్పు లేచాక కూడా పని సగమే. బోర్డు మీద మిగిలిన నల్లటి జిగురు పొరను మళ్లీ మెత్తబరిచి గోకాలి. గోకేటప్పుడు ఆకుపచ్చ పూత లేచి కింది రాగి తీగ బయటపడితే దానికి పూత వేసి అతినీల లోహిత దీపం కింద ఆరబెట్టాలి. లేచిపోయిన పాయింటుకు వెంట్రుక కంటే సన్నని తీగతో జంపర్ వేయాలి. సర్క్యూట్ పటంలో ఆ చుక్క దేనికీ వాడనిదని తేలితే మాత్రం ఊపిరి పీల్చుకుని వదిలేయొచ్చు. ఇక రీబాల్. చిప్పుకు సరిపడే చిల్లులున్న ఉక్కు స్టెన్సిల్ పెట్టి, టంకపు పేస్టు రాసి, వేడి చూపిస్తే వందల గుండ్లు ఒక్కసారిగా పూసల్లా నిలబడతాయి. ఈ విద్యలో కంటికి పండగ అనదగింది ఈ ఒక్క క్షణమే.

2006 జూలై 1 నుంచి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని కట్టడి చేసింది. ప్రపంచమంతటికీ తయారయ్యే ఫోన్లు కూడా ఆ దారి పట్టాయి. ఆరోగ్యానికి అది మంచి పనే, వాదించడానికేమీ లేదు. కానీ ఆ ఫోన్లలో వాడే సీసం లేని టంకం 217 డిగ్రీల దాకా కరగదు. పేస్ట్ తీసేవాడికి ముందే ఇరుకుగా ఉన్న సందు మరో ముప్పై డిగ్రీలు పైకి జరిగి, బోర్డు మాడే హద్దుకు దగ్గరైంది. దానికి తోడు ప్రాసెసర్ నెత్తిన మెమరీ చిప్పును ఎక్కించి కూర్చోబెట్టే పద్ధతి వచ్చింది. పైది లేపాలి, కిందిది కదలకూడదు. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్‌లో బోర్డులే రెండు, ఒకదాని మీద ఒకటి టంకంతో అతికినవి. అలాంటివి తిరిగి కలిపేటప్పుడు బిస్మత్ కలిసిన, 138 డిగ్రీలకే కరిగే పేస్టు వాడటం రిపేరువాళ్లలో అలవాటైంది.

ఇంత అవస్థ పెట్టే జిగురును తిట్టుకోని మెకానిక్ ఉండడు. అయితే జిగురు లేకపోతే ఏమవుతుందో ఐఫోన్ 6 చూపించింది. 2014లో వచ్చిన ఆ ఫోన్లు, ముఖ్యంగా 6 ప్లస్, జేబులో కాస్త వంగేవి. వంగినప్పుడల్లా స్పర్శను గుర్తించే చిప్పు కింద అతుకులు చిట్లి, తెర పైభాగంలో బూడిదరంగు చారలు మొదలై, చివరికి తెర వేలికి పలకడం మానేసేది. అమెరికాలో రిపేరువాళ్లు ఆ రోగాన్ని ముందు పట్టుకున్నారు. 2016 ఆగస్టులో ఐఫిక్సిట్ సంస్థ దాన్ని లోకానికి చాటింది. తర్వాత కోర్టు కేసులో బయటపడిన పత్రాల ప్రకారం, 6 ప్లస్ ఐఫోన్ 5ఎస్ కంటే 7.2 రెట్లు ఎక్కువగా వంగే అవకాశముందని కంపెనీకి విడుదలకు ముందే తెలుసు. 2016 మేలో ఆపిల్ ఆ చిప్పు కింద అండర్‌ఫిల్ పోయడం మొదలుపెట్టింది. ఫోన్ కొన్నవాడికి జిగురు రక్ష. బాగు చేసేవాడికి శిక్ష. ఈ చిక్కుకు మధ్యేమార్గం కూడా కొందరు వెతికారు. 1990ల చివర్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ ఓబర్ బృందం, కావాలనుకున్న వేడి దగ్గర తనంతట తాను విడిపోయే ఎపాక్సీలను తయారుచేసింది. అంటే లక్క గుణమున్న ఎరాల్డైట్. అలాంటి జిగుళ్లు మార్కెట్లోకి వచ్చాయి కూడా. కానీ ఏ జిగురు పోయాలో ఎంచుకునేది ఫ్యాక్టరీ. తీసేవాణ్ణి ఎవరూ అడగరు.

ఈ విద్యకు పాఠ్యపుస్తకం ఆలస్యంగా వచ్చింది, బజార్లు ముందొచ్చాయి. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో గఫార్ మార్కెట్, కలకత్తాలో చాందినీ చౌక్, హైదరాబాద్ ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్, వీటన్నిటి వెనక చైనాలో షెన్‌జెన్‌లోని హ్వాచియాంగ్‌బే. స్టెన్సిళ్లు, బ్లేళ్లు, చచ్చిన ఫోన్లలోంచి ఊడదీసిన చిప్పులు అక్కడి నుంచే ఊరూరికీ పాకాయి. దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘బాగుచేయించుకునే హక్కు’ మీద 2022 జూలైలో కమిటీ వేసి, ఆ డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. అప్పటికి జంషెడ్‌పూర్ దుకాణదారుడు ఆ హక్కును అనుమతి అడక్కుండానే ఇరవై ఏళ్లుగా వాడుకుంటున్నాడు.

అదే ఊళ్లో, బర్మామైన్స్‌లో, చిప్పులు ఊడదీయడాన్ని పూర్తిగా వేరే కంటితో చూసే చోటు ఒకటుంది. జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల, ఎన్‌ఎంఎల్. 1946లో రాజాజీ శంకుస్థాపన చేస్తే, 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించారు. ఉక్కు, ఖనిజాల కోసం పుట్టిన ఆ ప్రయోగశాల ఇప్పుడు పాత ఫోన్లను కూడా ఖనిజంగానే లెక్కేస్తోంది. బోర్డుల నుంచి బంగారం, రాగి, అరుదైన లోహాలు రాబట్టే పద్ధతులు తయారుచేసి కంపెనీలకు ఇస్తోంది. మంచి గనిలో టన్ను రాతికి దొరికే బంగారం కొన్ని గ్రాములే, టన్ను పాత ఫోన్లలో దాదాపు 300 గ్రాములుంటుందని సాధారణంగా చెప్పే లెక్క. ఊరి పక్కన పారే నది పేరు సువర్ణరేఖ. దాని ఇసుకను చెక్క పళ్లేల్లో కడిగి నలుసంత బంగారం ఏరుకునే కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. నది ఒడ్డున కడుగుడు, ప్రయోగశాలలో ఆమ్లాల కడుగుడు, రెండూ ఒకే వెతుకులాట. అక్కడ చిప్పు ప్రాణంతో ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. జిగురు ఉన్నా, మాడినా, పాయింట్లు లేచినా ఒకటే.

దుకాణంలో మాత్రం ప్రాణం గురించే బేరం. ఈ మధ్య ఫోన్ కోసం కంటే అందులోని ఫొటోల కోసం వచ్చేవాళ్లు ఎక్కువ. పెళ్లి ఫొటోలు, చనిపోయిన తండ్రి గొంతు. ఒకప్పుడు మెమరీ చిప్పొక్కటీ తీసి చదివితే అన్నీ బయటపడేవి. ఇప్పుడు అందులోని సమాచారమంతా తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి ప్రాసెసర్‌లో దాగి ఉంటుంది. కాబట్టి నీళ్లలో పడి చచ్చిన బోర్డు నుంచి రెండు చిప్పులనూ, రెంటికీ ఉన్న జిగురుతో సహా, బతికుండగానే లేపి మరో బోర్డు మీద నాటాలి. ఒక్క పాయింటు తప్పినా మళ్లీ మొదటి నుంచి. కుదిరితే కస్టమర్ ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తాడు, ఫోన్ అక్కడే వదిలేస్తాడు. ఖాళీ అయిన బోర్డు బల్ల కింద డబ్బాలో పడుతుంది. డబ్బా నిండాక కబాడీవాడు వచ్చి, జిగురుతో సహా తూకం వేసి పట్టుకెళ్తాడు.